డీడీ గడిలో దాగిన ధర: ఒబామాకేర్ సబ్సిడీల తగువు ఎందుకు తెగడం లేదు

క్లుప్తంగా: అమెరికాలో సొంతంగా ఆరోగ్య బీమా కొనుక్కునేవారికి 2021 నుంచి అందుతున్న అదనపు సబ్సిడీ 2025 డిసెంబరు 31తో ముగిసింది. దాన్ని పొడిగించాలా వద్దా అన్న పేచీతోనే అప్పటిదాకా ఆ దేశ చరిత్రలో అతి పొడవైన షట్‌డౌన్ (నిధుల్లేక ప్రభుత్వ పనులు ఆగిపోవడం) నడిచింది. తగువంతా ఒబామాకేర్ అని పిలిచే 2010 నాటి ఆరోగ్య బీమా చట్టం చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. అసలు చిక్కు మాత్రం బీమా పూర్తి ధర ఎవరి కంట పడుతోంది, ఎవరి కంట పడటం లేదన్న దగ్గరే ఉంది.

అమెరికాలో జనవరి నెలాఖరుకల్లా ఉద్యోగుల చేతికి డబ్ల్యూ-2 అనే కాగితం వస్తుంది. ఏడాది జీతమెంత, పన్ను ఎంత కోశారు అన్న లెక్క అందులో ఉంటుంది. పెద్ద కంపెనీలు ఇచ్చే ఈ కాగితంలో పన్నెండో గడిలో డీడీ అనే రెండక్షరాల పక్కన ఇంకో అంకె కూడా ఉంటుంది. దాని మీద పన్ను పడదు, దాన్ని ఎందులోనూ కలపక్కర్లేదు. అందుకే చాలామంది దానివంక చూడకుండానే రిటర్న్ వేసేస్తారు. కంపెనీ వాటా, ఉద్యోగి వాటా కలిపి ఆ ఏడాది ఆరోగ్య బీమాకు అయిన మొత్తం ఖర్చు అది.

కేఎఫ్ఎఫ్ అనే ఆరోగ్య విధాన పరిశోధన సంస్థ ఏటా చేసే సర్వే ప్రకారం 2025లో ఉద్యోగం ద్వారా వచ్చే కుటుంబ బీమాకు సగటు ధర 26,993 డాలర్లు. అందులో ఉద్యోగి జీతంలోంచి కోత పడేది 6,850 డాలర్లు. మిగతా 20 వేల పైచిలుకు కంపెనీ కడుతుంది. జీతపు చీటీలో కనిపించే కోతనే బీమా ధర అనుకునే ఉద్యోగికి ఈ ఇరవై వేల సంగతి తెలియదు. విచిత్రమేమిటంటే, ఆ అంకెను డబ్ల్యూ-2లో వేయాలని చెప్పింది కూడా ఇప్పుడు తిట్లు తింటున్న 2010 నాటి చట్టమే.

యుద్ధకాలపు అడ్డదారి రాజమార్గమైంది

బీమా ఉద్యోగానికి ఎందుకు ముడిపడిందో తెలియాలంటే రెండో ప్రపంచ యుద్ధం దాకా వెనక్కి వెళ్లాలి. ధరలు అదుపు తప్పకుండా 1942లో ప్రభుత్వం జీతాల పెంపుకు కళ్లెం వేసింది. పనివాళ్ల కొరత తీవ్రంగా ఉంది. జీతం పెంచడానికి వీల్లేని కంపెనీలు ఆరోగ్య బీమా ఇస్తామని మనుషుల్ని పిలిచాయి. ఆ కట్టడి కిందికి బీమా రాలేదు. 1954 పన్నుల చట్టం దీనికి ముద్ర వేసింది: కంపెనీ కట్టే ప్రీమియం ఉద్యోగి ఆదాయం కింద లెక్కకు రాదు.

ఈ మినహాయింపు కూడా సబ్సిడీయే. కేంద్ర ఖజానాకు దీనివల్ల ఏటా రాకుండా పోయే పన్ను సుమారు 30,000 కోట్ల డాలర్లు. జీతం ఎంత ఎక్కువైతే పన్ను రేటు అంత ఎక్కువ కాబట్టి లాభం కూడా పై మెట్టు వారికే ఎక్కువ. దీనికి గడువు లేదు, ఏటా ఓటింగు లేదు, టీవీ చర్చల్లో దీని పేరైనా వినపడదు. దీని పక్కన ఇప్పుడు గొడవకు కారణమైన అదనపు సబ్సిడీని పెట్టి చూడాలి. దాన్ని శాశ్వతం చేస్తే పదేళ్లలో 35,000 కోట్ల డాలర్లు, అంటే ఏడాదికి సగటున 3,500 కోట్లు అవుతుందని కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) బడ్జెట్ కార్యాలయం లెక్కగట్టింది. మొదటిదానిలో ఇది ఎనిమిదో వంతు కూడా లేదు. కానీ ఇది పేరు పెట్టి, చెక్కు రాసి ఇచ్చే డబ్బు. కంటికి కనిపించే డబ్బు మీదే కత్తులు లేస్తాయి.

ఉద్యోగ బీమా నీడలో 15 కోట్లకు పైగా జనం ఉన్నారు. 65 దాటినవారికి మెడికేర్, పేదలకు మెడికెయిడ్ 1965లో వచ్చాయి. ఈ మూడింట్లో ఎక్కడా ఇమడనివాళ్లు మిగిలిపోయారు: చిన్న దుకాణదారులు, ట్యాక్సీ నడిపేవారు, రైతులు, 60 ఏళ్లకే పని మానేసినవారు. 2010కి ముందు వీళ్లు బీమాకు దరఖాస్తు చేస్తే కంపెనీ ముందు ఒంట్లో ఏముందో అడిగేది. షుగరో పాత క్యాన్సరో ఉందంటే చాలా రాష్ట్రాల్లో మొహం మీదే తలుపు వేసేది.

ముక్కాలిపీట

2010 మార్చి 23న ఒబామా సంతకం చేసిన చట్టం ఈ మిగిలిపోయినవారి కోసం బీమా కొనుక్కునే ఒక సంతను, అంటే మార్కెట్‌ను ఏర్పాటు చేసింది. పాత జబ్బు ఉన్నా బీమా ఇచ్చి తీరాలి, జబ్బును బట్టి ధర పెంచకూడదు. వయసును బట్టి మాత్రం పెంచవచ్చు, అదీ మూడు రెట్లు మించకుండా. భారత్‌లో పాత జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్ పెట్టుకునే వీలు బీమా కంపెనీలకు ఇప్పటికీ ఉందన్నది గుర్తుంచుకుంటే ఈ షరతు ఎంత గట్టిదో తెలుస్తుంది.

అయితే ఈ ఒక్క షరతే ఉంటే జబ్బు పడ్డాకే బీమా కొనే తెలివి అందరికీ వస్తుంది. కాబట్టి బీమా లేనివారికి జరిమానా రెండో కాలు, స్తోమత లేనివారికి సబ్సిడీ మూడో కాలు. ఈ నమూనా 2006లో మసాచుసెట్స్‌లో రిపబ్లికన్ గవర్నర్ మిట్ రామ్నీ అమలు చేసినదే. అయినా 2010లో కాంగ్రెస్‌లో ఒక్క రిపబ్లికన్ ఓటూ దీనికి పడలేదు.

ఆ తర్వాత పీట కాళ్ల మీద ఒక్కొక్కటిగా దెబ్బలు పడ్డాయి. 2012లో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెడుతూనే, అది తలపెట్టిన మెడికెయిడ్ విస్తరణ (తక్కువ ఆదాయమున్న పెద్దలందరికీ దాన్ని వర్తింపజేయడం) రాష్ట్రాల ఇష్టం అంది. 2017లో చట్టాన్ని రద్దు చేయబోయిన సెనేట్‌లో రిపబ్లికన్ సెనేటర్ జాన్ మెకెయిన్ బొటనవేలు కిందికి దించి 49-51తో దాన్ని ఆపారు. అదే ఏడాది చివర్లో పన్నుల చట్టం జరిమానాను సున్నా చేసింది, 2019 నుంచి అమల్లోకి వచ్చింది. ఒక కాలు విరిగిన పీట కూలుతుందని చాలామంది అనుకున్నారు. కూలలేదు. కారణం సబ్సిడీ తీరులో ఉంది. సబ్సిడీ అందుకునేవారు ఆదాయంలో ఇంత శాతమని కడతారు. మధ్యస్థాయివైన సిల్వర్ ప్లాన్లలో రెండో చౌకైనదాన్ని కొలబద్దగా పెట్టి, పై మొత్తాన్ని ప్రభుత్వం నేరుగా బీమా కంపెనీకి ఇస్తుంది. ప్రీమియం పెరిగితే ఆ పెంపు ఖజానా మీద పడుతుందే తప్ప కుటుంబం మీద కాదు.

రిపబ్లికన్ల ప్రధాన విమర్శ సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. కొనేవాడికి ధర తగలనప్పుడు కంపెనీకి ధర తగ్గించాల్సిన అవసరం ఏముంటుంది? ప్రీమియం సొమ్ములో కనీసం 80 శాతం వైద్యానికే పెట్టాలని చట్టం అంటుంది. కానీ మొత్తం పెద్దదైతే మిగిలే 20 శాతమూ పెద్దదే. కొట్టిపారేయదగ్గ వాదన కాదిది. ఉద్యోగ బీమా మీది పన్ను మినహాయింపుకూ ఇదే మాట అక్షరాలా వర్తిస్తుంది. అయితే దాని జోలికి ఏ పార్టీ వెళ్లదు.

తాత్కాలికం అన్న మాట తెచ్చిన తంటా

మొదటి చట్టం ప్రకారం ఆదాయం పేదరిక రేఖకు నాలుగు రెట్లు దాటితే సబ్సిడీ పైసా రాదు. కొవిడ్ సమయంలో, 2021 మార్చిలో డెమొక్రాట్లు ఆ గీత చెరిపేశారు. ఎవరైనా సరే కొలబద్ద ప్లాన్‌కు ఆదాయంలో 8.5 శాతానికి మించి కట్టనక్కర్లేదు, బాగా తక్కువ ఆదాయం ఉంటే అసలేమీ కట్టనక్కర్లేదు అన్నారు. 2022 ఆగస్టులో ఇంకో చట్టంతో దీన్ని 2025 చివరిదాకా పొడిగించారు. మార్కెట్‌లో నమోదులు 2021లో 1.2 కోట్ల దరిదాపుల్లో ఉండేవి. 2025కి అవి 2.4 కోట్లు దాటాయి.

శాశ్వతంగా ఎందుకు చేయలేదు? సెనేట్‌లో మామూలు బిల్లుకు 60 ఓట్లు కావాలి. అవి లేనప్పుడు రికన్సిలియేషన్ అనే బడ్జెట్ దారిలో సాధారణ మెజారిటీతో నెగ్గించుకోవచ్చు గానీ, ఆ దారిలో ఖర్చు లెక్క పక్కాగా చూపాలి. గడువు పెడితే లెక్క చిన్నదిగా కనిపిస్తుంది. తర్వాత వచ్చేవారు జనం అలవాటుపడిన దాన్ని తీసేయలేరులే అన్న ధీమా కూడా ఉండి ఉండాలి. ఆ ధీమా నిలవలేదు.

ఒక్క డాలరు తేడా

2026లో పాత గీత మళ్లీ వచ్చింది. ఇద్దరున్న ఇంటికి అది 84,600 డాలర్లు, నలుగురికి 1,28,600.

అరవై దాటి, మెడికేర్‌కు ఇంకా వయసు రాని దంపతులు ఉన్నారనుకుందాం. కొలబద్ద ప్లాన్ పూర్తి ధర వాళ్లుండే చోట ఏడాదికి 24,000 డాలర్లని ఉదాహరణకు పెట్టుకుందాం. ఆదాయం సరిగ్గా 84,600 అయితే 2026 రేటు 9.96 శాతం చొప్పున వాళ్లు కట్టేది 8,426 డాలర్లు. 2025లో అదే ఆదాయానికి 7,191 పడేది. ఇంతవరకు పెంపు భరించదగ్గదే. ఇప్పుడు ఆదాయం ఇంకొక్క డాలరు పెరిగిందనుకుంటే సబ్సిడీ మొత్తం పోతుంది, 24,000 తామే కట్టాలి. ఒక్క డాలరు సంపాదన ఖరీదు 15,574 డాలర్లు.

మరో మెలిక కూడా ఉంది. సబ్సిడీని ఏడాది మొదట్లో ఆదాయం అంచనా మీద ఇస్తారు, మరుసటి ఏప్రిల్‌లో పన్ను లెక్కలో సరిచూస్తారు. ఎక్కువ తీసుకున్నట్టు తేలితే తిరిగి కట్టాలి. తక్కువ, మధ్య ఆదాయాల వారు తిరిగి కట్టాల్సిన దానికి ఇన్నాళ్లూ ఒక పరిమితి ఉండేది. 2025 జులై 4న ట్రంప్ సంతకం చేసిన బిల్లు 2026 నుంచి దాన్ని ఎత్తేసింది. అనుకోకుండా వచ్చిన బోనసు, అమ్మిన షేర్ల లాభం ఏదైనా సరే గీత దాటించగలదు. అమెరికాలో పన్ను కట్టే తెలుగువారికి ఇందులో ఒక ప్రత్యేకమైన గోతి ఉంది. వాళ్లకు ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా లెక్కలోకి వస్తుంది కాబట్టి, గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న స్థలం అమ్మితే వచ్చిన లాభం కూడా ఆ ఏటి బీమా సబ్సిడీని మింగేయవచ్చు.

పూర్తి ధర కూడా ఉన్నచోట ఉండలేదు. 2026కి కొలబద్ద ప్లాన్ల ప్రీమియం సగటున 26 శాతం పెరిగిందని కేఎఫ్ఎఫ్ లెక్క. ఆసుపత్రుల ఖర్చు, ఖరీదైన మందులు ప్రధాన కారణాలు. సబ్సిడీ పోతే ఆరోగ్యవంతులు మానేసి జబ్బున్నవారే మిగులుతారన్న లెక్కతో కంపెనీలు ముందే కొంత కలిపాయి. సబ్సిడీదారులు కట్టేది సగటున ఏడాదికి 888 డాలర్ల నుంచి 1,904కు చేరుతుందని అదే సంస్థ ముందుగా అంచనా వేసింది.

43 రోజులు, ఆ తర్వాత

2025 అక్టోబరు 1న ప్రభుత్వ నిధుల బిల్లు సెనేట్‌లో నిలిచిపోయి షట్‌డౌన్ మొదలైంది. సబ్సిడీ పొడిగింపు తేల్చితేనే ఓటేస్తామని డెమొక్రాట్లు, ముందు ప్రభుత్వం తెరిస్తేనే మాట్లాడతామని రిపబ్లికన్లు భీష్మించారు. 2013లోనూ ఇదే చట్టం మీద 16 రోజుల షట్‌డౌన్ జరిగింది. అప్పుడు చట్టాన్ని ఆపాలని రిపబ్లికన్లు పట్టుబడితే ఈసారి దాని సబ్సిడీని నిలపాలని డెమొక్రాట్లు పట్టుబట్టారు. సాధనం ఒకటే, చేతులు మారాయి.

చివరికి డెమొక్రాట్ల పక్షాన కూర్చునే ఎనిమిది మంది సెనేటర్లు అవతలివైపు ఓటేయడంతో నవంబరు 12న షట్‌డౌన్ ముగిసింది. బదులుగా దక్కింది డిసెంబరులో ఓటింగు పెడతామన్న హామీ మాత్రమే. డిసెంబరు 11న రెండు ప్రతిపాదనలు సెనేట్ ముందుకొచ్చాయి. మూడేళ్లు పొడిగించాలన్నది డెమొక్రాట్లది. కంపెనీలకు కాకుండా మనుషుల ఆరోగ్య పొదుపు ఖాతాల్లోకే వెయ్యి నుంచి 1,500 డాలర్లు వేద్దామన్నది రిపబ్లికన్లది. రెండింటికీ 51 ఓట్లు వచ్చాయి, రెండూ 60 అందుకోలేక ఆగిపోయాయి. 2026 జనవరి 8న ప్రతినిధుల సభలో 17 మంది రిపబ్లికన్లు సొంత నాయకత్వాన్ని కాదని మూడేళ్ల పొడిగింపుకు ఓటేశారు. బిల్లు అక్కడ నెగ్గినా సెనేట్ గడప దాటలేకపోయింది.

పొదుపు ఖాతా ప్రతిపాదనలో ఒక ఆకర్షణ ఉంది, ఒక లోటూ ఉంది. కాలు బెణికితే, దగ్గు వస్తే ఆ 1,500 పనికొస్తుంది. ప్రీమియం తక్కువగా ఉండే బ్రాంజ్ ప్లాన్‌లో బీమా డబ్బు ఇవ్వడం మొదలయ్యేలోపు సొంతంగా పెట్టాల్సిన డిడక్టబుల్ చాలాచోట్ల 7,000 డాలర్ల దాకా ఉంటుంది. ఆరోగ్యవంతుడికి మిగులు, కీమోథెరపీలో ఉన్నవాడికి చాలని సొమ్ము. అటువైపు డెమొక్రాట్ల బిల్లులో ధర తగ్గించే మాటే లేదు, గీసిన గీతను ఇంకో మూడేళ్లు ముందుకు జరపడమే ఉంది. గర్భస్రావానికి వర్తించే ప్లాన్లకు కేంద్రం సొమ్ము వెళ్లకూడదన్న పాత పేచీ కూడా రాజీకి అడ్డుపడింది.

దెబ్బ ఎక్కడ గట్టిగా తగులుతుంది

2025లో మార్కెట్‌లో బీమా తీసుకున్నవారిలో మూడొంతులకు పైగా 2024లో ట్రంప్ గెలిచిన రాష్ట్రాల్లోనే ఉన్నారు. ఫ్లోరిడాలో ఒక్కచోటే 47 లక్షలు, టెక్సాస్‌లో 40 లక్షల దరిదాపులు. దీనికి మూలం 2012 తీర్పు. మెడికెయిడ్‌ను విస్తరించని పది రాష్ట్రాల్లో ఈ రెండూ ఉన్నాయి. వేరే రాష్ట్రంలో అయితే మెడికెయిడ్‌కు వెళ్లే తక్కువ ఆదాయపు మనిషి ఇక్కడ సబ్సిడీ మార్కెట్‌కు వచ్చాడు. ఏడాదికి 20,000 డాలర్లు తెచ్చుకునే ఒంటరి మనిషికి 2025లో కొలబద్ద ప్లాన్ ఉచితం. 2026లో నెలకు 35 డాలర్లు. ఆ మొత్తం చిన్నదే. అయితే సున్నా నుంచి ఏ అంకెకు మారినా ప్రతి నెలా గుర్తుపెట్టుకుని కట్టాలి, కట్టకపోతే మూడు నెలల గడువు తర్వాత బీమా పోతుంది. జనవరిలో నమోదైనవారి లెక్కకూ, వేసవిలో నిజంగా మిగిలినవారి లెక్కకూ తేడా ఇక్కడే వస్తుంది. ఉచిత ప్లాన్లలో కొందరు ఏజెంట్లు మనుషులకు తెలియకుండానే పేర్లు ఎక్కించి కమీషన్ తిన్నారన్నది కూడా నిజమే, కేసులు నడిచాయి. నెలకు ఎంతో కొంత కట్టించాలన్న రిపబ్లికన్ల వాదనకు బలం అక్కడి నుంచే వచ్చింది.

జార్జియా నుంచి ఎన్నికైన మార్జొరీ టేలర్ గ్రీన్, ఒబామాకేర్ అంటేనే గిట్టని రిపబ్లికన్ నాయకురాలు, తన పెద్ద పిల్లల ప్రీమియం రెట్టింపవుతోందని 2025 అక్టోబరులో సొంత పార్టీనే నిలదీశారు.

మెడికెయిడ్‌కు కాగితాల గండం

జులై 2025 బిల్లులో పెద్ద కోత మెడికెయిడ్‌కే పడింది, పదేళ్లలో దాదాపు 90,000 కోట్ల డాలర్లు. ఆ చట్టం వల్ల 2034కి బీమా లేనివారు కోటి మంది పెరుగుతారని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంచనా. విస్తరణ కింద చేరిన 19 నుంచి 64 ఏళ్లవారు నెలకు 80 గంటలు పనో చదువో సేవో చేస్తున్నట్టు చూపాలి, ఆరు నెలలకోసారి అర్హత మళ్లీ నిరూపించుకోవాలి. జబ్బున్నవారికి, చిన్నపిల్లల తల్లిదండ్రులకు మినహాయింపు ఉంది, కానీ మినహాయింపుకూ కాగితం కావాలి. ఆర్కన్సాస్ 2018లో ఇలాంటిదే పెట్టినప్పుడు కోర్టు ఆపేలోపు 18,000 మందికి పైగా బీమా కోల్పోయారు. పనిచేసేవారి సంఖ్య మాత్రం పెరగలేదని తర్వాతి అధ్యయనం తేల్చింది. వాళ్లలో చాలామంది పనిచేస్తున్నవారే, ఆ సంగతి నమోదు చేయడంలో తప్పిపోయారు.

కొత్త నిబంధన 2027 జనవరి 1కల్లా అమల్లోకి రావాలి. కాంగ్రెస్ మధ్యంతర ఎన్నికలు 2026 నవంబరు 3న. ఏ కోత ఎన్నికకు ముందు తగలాలో, ఏది తర్వాతో క్యాలెండర్ చూస్తే అర్థమవుతుంది.

ధర మాట ఎవరూ ఎత్తరు

ఇంత రభసలోనూ ఆసుపత్రి ధర చర్చకు రాదు. అమెరికా 2024లో వైద్యం మీద 5.3 లక్షల కోట్ల డాలర్లు ఖర్చు పెట్టింది, జీడీపీలో 18 శాతం. ఆరోగ్యశ్రీలో ఏ ఆపరేషన్‌కు ఎంతన్నది ప్రభుత్వమే ప్యాకేజీగా కట్టడం తెలుగువారికి తెలిసిందే. మెడికేర్ చేసేదీ ఇంచుమించు అదే. జపాన్‌లో అయితే దేశమంతటికీ ఒకటే ధరల పట్టిక, రెండేళ్లకోసారి సవరిస్తారు. అమెరికా ప్రైవేటు బీమాలో మాత్రం కంపెనీకీ ఆసుపత్రికీ విడివిడిగా బేరం కుదురుతుంది. ఊళ్లో ఆసుపత్రులన్నీ ఒకే గొలుసులో కలిసిపోతే బేరమాడే చోటే ఉండదు. అదే చికిత్సకు మెడికేర్ ఇచ్చేదానికి రెండింతలకు పైగా ప్రైవేటు బీమా సగటున చెల్లిస్తోంది. చాలా జిల్లాల్లో ఆసుపత్రే అతి పెద్ద ఉద్యోగదాత, కాబట్టి దాని రాబడి మీద చేయి వేయడానికి రెండు పార్టీల సభ్యులూ వెనకాడతారు.

తెలుగు ఇళ్లలో

హెచ్1బీ మీద ఉన్నవారిలో ఎక్కువమందికి బీమా ఉద్యోగంతోనే వస్తుంది, ఈ తగువు తమది కాదని అనిపిస్తుంది. గ్రీన్‌కార్డు మీద తల్లిదండ్రులను తెచ్చుకున్న ఇళ్లకు మాత్రం అది ఇప్పటికే తగిలింది. 65 దాటినా మెడికేర్ కొనుక్కోవడానికి అయిదేళ్లు దేశంలో ఉండాలి, మెడికెయిడ్‌కూ సాధారణంగా అయిదేళ్ల ఆగుడు ఉంది. ఈలోపు సొంత ఆదాయం లేనివారికి, పిల్లల పన్ను లెక్కలో ఆధారపడినవారుగా చేరనివారికి మార్కెట్ సబ్సిడీ ఒక దారిగా ఉండేది. పేదరిక రేఖకు దిగువన ఉన్న ఇలాంటివారికి ఆ దారి 2026 జనవరి 1న మూసుకుంది.

లేఆఫ్ పడిన ఇంటికి వేరే ఉత్తరం వస్తుంది. కోబ్రా అనే చట్టం కింద పాత బీమానే 18 నెలల దాకా ఉంచుకోవచ్చు, కానీ కంపెనీ వాటాతో సహా 102 శాతం ధర తామే కట్టాలి. సగటు కుటుంబ ప్లాన్‌కు అది నెలకు దాదాపు 2,300 డాలర్లు. అన్నాళ్లూ డీడీ పక్కన ఎవరూ చూడకుండా పడి ఉన్న అంకె అప్పుడు బిల్లుగా చేతికొస్తుంది. దాన్ని తప్పించుకోవడానికి, ఆదాయం గీత లోపల ఉంటే హెచ్1బీ కుటుంబం మార్కెట్‌కు వెళ్లి సబ్సిడీ అడిగే వీలు 2026లో ఇంకా ఉంది. 2027 జనవరి 1 నుంచి గ్రీన్‌కార్డు లేనివారిలో దాదాపు ఎవరికీ ఆ సబ్సిడీ ఉండదు. ప్లాన్ కొనుక్కోవచ్చు, పూర్తి ధరకు.